బుల్లమ్మ పటిక

బరంపురంలోని గోసాని నువాగాం బజారులో చేపలమ్మే ఆడవాళ్ళలో బుల్లమ్మ ఎవరని అడగక్కర్లేదు. బేరానికి దిగిన వాళ్ళను ఒడియాలో దబాయిస్తూ, అదే ఊపిరిలో పక్కనున్న మనిషితో తెలుగులో నవ్వుతూ ఉండేదే బుల్లమ్మ. యాభై రెండేళ్ళు, గట్టి మనిషి, గట్టి గొంతు. కొనేవాళ్ళు పిన్నీ అన్నట్టు ఒడియాలో మావుసీ అని పిలుస్తారు. చేప మొప్ప ఎత్తి చూసేవాళ్ళంటే ఆవిడకు ఒళ్ళుమంట. తను తెచ్చిన చేపను అనుమానిస్తే తన వంశాన్ని అనుమానించినట్టే లెక్క.

ఆమెది గోపాలపూర్ దగ్గర సముద్రం ఒడ్డున ఒక పేట. తాతల నాటి నుంచీ అక్కడ వేట మీద బతుకుతున్న తెలుగువాళ్ళు. పడవలు ఒడ్డెక్కగానే వేలంలో చేప పాడుకుని, ఐసు వేసుకుని, నలుగురైదుగురు కలిసి ఆటో ఎక్కితే పొద్దున్న ఎనిమిదికల్లా బరంపురం. అక్కడ గోనెపట్టా పరుచుకుని కూర్చుంటే మధ్యాహ్నం దాటేదాకా లేచేది లేదు. ఐసు కరిగిన నీళ్ళు చీరలోకీ లంగాలోకీ ఇంకుతూనే ఉంటాయి. మరుగుదొడ్డికి పోవాలంటే చాలా దూరం నడవాలి, ఈలోగా తట్ట ఎవరు చూస్తారు? అందుకని మంచినీళ్ళు తాగడమే మానేశారు. ఇంటికి చేరేసరికి ఒంటి మీద బట్ట ఒంటి మీదే ఆరిపోతుంది. ఇదేమీ వాళ్ళకు కష్టంగా తోచదు, పని అంటే అంతే.

బుల్లమ్మ పక్కన కూర్చునేది కాసమ్మ. వరసకు అక్క కూతురు, పిన్నీ అని పిలుస్తుంది. నలభైకి దగ్గర పడింది. ఆమెకు పిల్లలు లేరు. పెళ్ళయ్యాక ఎనిమిదేళ్ళు చూసి మొగుడు పోతయ్య రెండో పెళ్ళి చేసుకున్నాడు. రెండో ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టారు. కాసమ్మ అదే ఇంటి వెనక గదిలో ఉంటూ తన తట్ట తను మోసుకుంటూ తన కూడు తను తింటోంది. ఆ రెండో పెళ్ళి నాడు పోతయ్యను వీధిలో నిలబెట్టి కడిగేసింది పేట మొత్తం మీద బుల్లమ్మ ఒక్కతే.

అందుకే తన కొడుకు ఈశ్వర్‌కు పెళ్ళయి నాలుగేళ్ళు తిరిగి, కోడలు మాధవి కడుపు పండకపోయేసరికి, అమ్మలక్కలు మెల్లిగా మొదలెట్టిన మాటను బుల్లమ్మ మొదట్లోనే తుంచేసింది. తన గడపలో రెండో పెళ్ళి మాట ఎత్తినవాళ్ళు మళ్ళీ ఆ గడప తొక్కరని చెప్పింది. ఆ మాట మీద ఆమె నిలబడుతుందని అందరికీ తెలుసు. ఒక్కటే కోరిక మిగిలింది. ఎలాగైనా మాధవికి ఒక బిడ్డ పుట్టాలి, అదీ ఆ పిల్లకు వాళ్ళూ వీళ్ళూ అనే మాటలతో మనసు విరగకముందే.

ఇక పటిక సంగతి చెప్పాలి.

ఆ పేటలో కొత్త కోడలు కాపురానికి వస్తే మూడోనాడు బుల్లమ్మ దగ్గరకు పంపుతారు. బుల్లమ్మ ఆ పిల్లను పెరట్లో కూర్చోబెట్టి, పాత గుడ్డలో కట్టిన పటిక ముక్క చేతిలో పెట్టి, గోరువెచ్చని నీళ్ళలో దాన్ని ఎంత తిప్పాలో, ఆ నీళ్ళతో లోపల ఎలా కడుక్కోవాలో సిగ్గుపడకుండా చెబుతుంది. రోజూ సాయంత్రం ఒకసారి, మొగుడి దగ్గర పడుకుని లేచాక ఒకసారి. బుల్లమ్మకు ఇది నేర్పింది ఆమె అత్త తవిటమ్మ. పురుళ్ళు పోసిన చేయి ఆవిడది. ఇప్పుడు ఎనభై దాటి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ తప్పులు లెక్కపెడుతోంది.

అయితే బుల్లమ్మ ఆ పద్ధతిని అంత శ్రద్ధగా అందుకోవడానికి అత్త మాట ఒక్కటే కారణం కాదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి పుట్టింటికి ఇచ్ఛాపురం వెళ్తూ బరంపురంలో పాసింజరు ఎక్కింది. ఎదురు సీటులో పట్టుచీర కట్టుకున్న ఒకావిడ బుల్లమ్మను చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇచ్ఛాపురం వచ్చేదాకా తీయలేదు. ఆ కొంగు బుల్లమ్మకు ఈ రోజుకూ కళ్ళముందే ఉంది. బయటివాళ్ళ నోళ్ళు మూయలేం, కనీసం ఇంట్లో మొగుడు మొహం తిప్పుకోకూడదు కదా అనుకుంది. ఒంటికి పట్టిన చేప వాసన ఎక్కడెక్కడ పడుతుందో అక్కడల్లా కడగాలి అనుకుంది. తను నమ్మింది కాబట్టే పదిమందికీ నమ్మకంగా నేర్పింది. ఎంతమందికి నేర్పిందో ఆమెకే గుర్తు లేదు.

మాధవి ఇంటి దగ్గరే చేపలు చీరి ఉప్పు పట్టించి ఆరబెడుతుంది. నెమ్మదైన పిల్ల. తెల్లబట్ట ఎక్కువవుతోందనీ, దురదగా ఉందనీ, వాసన వస్తోందనీ చెప్పడానికి ఆ పిల్లకు ఏడాది పట్టింది. విన్న వెంటనే బుల్లమ్మ చేసిన పని పటిక ఇంకాస్త పెద్దది తేవడం. బరంపురంలో పచారీ కొట్టులో ఒడియాలో ఫిటికిరి అని అడిగి తెచ్చి, రోజూ సాయంత్రం తన చేత్తో నీళ్ళు కాచి, పటిక తిప్పి, చెంబు మూత పెట్టి పెరట్లో ఉంచేది. కూతురు లేని బుల్లమ్మకు అదొక ముద్దు. అది కూడా పని చేయకపోతే అప్పుడు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ పేరు అన్విత. బరంపురంలో పాతుకుపోయిన తెలుగు పంతుళ్ళ కుటుంబం. చిన్న వయసే గాని చెప్పేది నిదానంగా చెబుతుంది. మొదటిసారి మాధవిని లోపలికి తీసుకెళ్ళి పరీక్ష చేసి, లోపల క్రిములు చేరాయని చెప్పి వారం రోజులకు మందులు రాసింది. సబ్బు పెట్టొద్దు, బజారులో దొరికే లోషన్లు వాడొద్దు అంది. మాధవి సరేనంది. పటిక సబ్బు కాదు, లోషనూ కాదు. అది ఇంట్లో అత్త చేసే మంచి. దాని గురించి డాక్టరమ్మ అడగలేదు, ఈ పిల్ల చెప్పలేదు. పది రోజుల్లో తగ్గింది. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. మళ్ళీ మందులు, మళ్ళీ తగ్గడం, మళ్ళీ రావడం. మగవాడి వైపు కూడా చూడాలని డాక్టరమ్మ అంటే, మంగుళూరులో వేట బోట్ల మీద పనిచేస్తూ సెలవు మీద వచ్చిన ఈశ్వర్ రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగి, మూడోరోజు వెళ్ళి పరీక్ష చేయించుకున్నాడు. అతనిలో లోపమేమీ లేదన్నారు.

మూడోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ బుల్లమ్మను కూడా లోపలికి పిలిచింది. ఇది మాటిమాటికీ తిరగబెట్టడం మంచిది కాదని చెప్పింది. ఈ క్రిములు పైకి పాకి గర్భసంచిలోకీ, అక్కణ్ణించి గుడ్డు వచ్చే నాళాల్లోకీ పోతే అవి మూసుకుపోవచ్చనీ, నాళాలు మూసుకుపోతే బిడ్డ తనంతట తాను నిలవడం కష్టమవుతుందనీ చెప్పింది. ఈసారి ఎక్స్‌రే తీసి నాళాలు చూడాలంది. అంతా చెప్పి, మాధవి వైపు తిరిగి, వాసన సంగతి ఇంత ఆలస్యంగా ఎందుకు చెప్పావని అడిగింది.

"సేపలోళ్ళం గదమ్మా," అంది మాధవి. "వాసన ఉంటాది గదా అనుకున్నాను."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "చేప వాసన చేతులకు అంటుతుంది, బట్టకు అంటుతుంది. లోపలికి ఎలా వెళ్తుంది మాధవీ?"

ఈ జబ్బు వాసనే అలా ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. బళ్ళో పాఠాలు చెప్పే టీచరమ్మకు వచ్చినా ఇదే వాసన. ఆవిడకు తన ఒంట్లో చేప వాసన ఎందుకొస్తుందా అని భయం వేసి మర్నాడే డాక్టరు దగ్గరకు వస్తుంది. చేపలమ్మే ఆడవాళ్ళు మాత్రం పని వాసన అనుకుని ఏళ్ళ తరబడి ఊరుకుంటారు.

ఆ మాట బుల్లమ్మకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ముప్ఫై ఏళ్ళుగా ఇంత చిన్న సంగతి తనకు తట్టలేదు. తనకే కాదు, తనకు నేర్పిన తవిటమ్మకూ తట్టలేదు, తను నేర్పిన ఒక్క పిల్లకూ తట్టలేదు.

డాక్టరమ్మ మళ్ళీ మాధవినే అడిగింది. సబ్బు కాకపోతే ఇంకేమైనా లోపల పోస్తున్నావా, ఆకు పసరు గాని, వేడినీళ్ళు గాని, పటిక గాని, దాచకుండా చెప్పమంది. మాధవి తల వంచుకుని ఏటీ లేదమ్మా అంది. అంత నెమ్మదైన పిల్ల మొహం మీద అబద్ధమాడింది. తన కోసమే ఆడిందని బుల్లమ్మకు తెలిసిపోయింది.

"నానే అమ్మా," అంది బుల్లమ్మ. "పటిక నీళ్ళు నానే కాసి ఇస్తన్నాను. రోజూను. అది మంచిదనే ఇస్తన్నాను. దాని తప్పేటీ లేదు."

డాక్టరమ్మ కోప్పడుతుందని బుల్లమ్మ ఎదురుచూసింది. కోప్పడితే బాగుండుననిపించింది. ఆవిడ కోప్పడకుండా అర్థమయ్యేలా చెప్పుకొచ్చింది. యోనిలో మంచి క్రిములు ఉంటాయట. పాలను పెరుగు చేసే క్రిముల జాతే అవి. లోపల కొంచెం పులుపు నిలబెట్టి చెడ్డవాటిని తలెత్తనివ్వవు. పటికతో కడిగిన ప్రతిసారీ ఆ మంచివి పోతాయి, పొర ఎండి గీరుకుపోతుంది, చెడ్డవాటికి చోటు దొరుకుతుంది. లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుంది, దానికి మన చేయి అక్కర్లేదు. పైపైన మామూలు నీళ్ళు చాలు. నెల మధ్యలో గుడ్డు తెల్లసొనలా సాగే జిగట కనిపిస్తుంది చూడు, అది మురికి కాదు, జబ్బు కాదు, బిడ్డ నిలిచే రోజులకు అదే గుర్తు, మగవాడి బీజం లోపలికి పోయేది దాని సాయంతోనే. బుల్లమ్మ ఆ జిగటను కూడా కడిగెయ్యమనే నేర్పింది. దాన్నే మరీ గట్టిగా కడగమంది.

తిరిగి వచ్చేటప్పుడు అత్తాకోడళ్ళు ఆటో ఎక్కారు. పేట దగ్గర పడ్డాక, పటిక సంగతి డాక్టరమ్మకు ముందే ఎందుకు చెప్పలేదని బుల్లమ్మ అడిగింది. అందరూ తనను ఏదో ఒకటి అన్నారనీ, అననిది అత్త ఒక్కతేననీ, అటువంటి మనిషిని డాక్టరు ముందు ఎలా నిలబెట్టగలననీ మాధవి అంది. బుల్లమ్మకు ఏడుపొచ్చింది. ఆటో డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నాడని అతన్ని నాలుగు తిట్టింది.

ఎక్స్‌రేలో ఒక నాళం మూసుకుపోయిందనీ, రెండోది తెరిచే ఉందనీ తేలింది. మూసుకుపోవడానికి కారణం ఇదేనని గట్టిగా చెప్పలేమని డాక్టరమ్మ అంది. ఒకటి తెరిచి ఉన్నా చాలు, వయసు ఇరవై అయిదే కాబట్టి టెస్ట్ ట్యూబ్ దాకా ఇప్పుడే పోనక్కర్లేదు, జబ్బు పూర్తిగా నయం చేసి ఏడాది చూద్దామంది. కాకపోతే మొగుడు మంగుళూరులో ఉంటే బిడ్డ ఎలా పుడుతుందని నవ్వుతూ అడిగింది. ఈశ్వర్ ఆ ఏడు మంగుళూరు మానుకుని గోపాలపూర్‌లోనే ఒక పడవ చూసుకున్నాడు. రాబడి తగ్గింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఇక బుల్లమ్మకు మిగిలిన పని పేట. మగవాళ్ళు వేటకు పోయిన వేళ చూసుకుని, తను పటిక ఇచ్చిన ఇళ్ళన్నిటికీ వరసగా వెళ్ళింది. ముందు కొత్త కోడళ్ళు, తరవాత పాతవాళ్ళు. ఆ ముక్క పారెయ్యండే, నాను సెప్పింది తప్పు అని ప్రతి గుమ్మం దగ్గరా చెప్పింది. వాసన వచ్చినా, తెల్లబట్ట రంగు మారినా పని వాసనని ఊరుకోవద్దనీ, బజారుకు పొడి లంగా ఒకటి వెంట తెచ్చుకోమనీ, నీళ్ళు తాగమనీ చెప్పింది. కొందరు విన్నారు. కొందరు నవ్వారు. ఇన్నేళ్ళు ఒక మాట చెప్పి ఇప్పుడు ఇంకో మాట చెబితే దేన్ని నమ్మాలని ఒకామె మొహం మీదే అడిగింది. ఎదుటి మనిషి గొంతు పెంచితే రెండింతలు పెంచే బుల్లమ్మ ఆ రోజు అడగనీ, పడాల్సిందే అనుకుని ఆ మాట పడింది. అందరికన్నా ఎక్కువ కోపం తవిటమ్మకు వచ్చింది. "మా అత్త నాకు సెప్పింది, నాను నీకు సెప్పినాను. మేమేటి సచ్చిపోనామేటి?" అని అరుగు మీద నుంచి అరిచింది. కోడలి మీద అలిగి రెండు పూటలు అన్నం మానేసింది. మూడోపూట కవ్వళ్ళ చేపల పులుసు వాసనకు లొంగింది.

అన్ని గడపలూ తొక్కిన బుల్లమ్మ, తను పటిక ఇచ్చినవాళ్ళలో ఒక్క మనిషికి మాత్రం చెప్పలేదు. ఆ మనిషి రోజూ తన పక్కనే, చేయి చాస్తే అందేంత దూరంలో కూర్చుని చేపలమ్ముతోంది. ఇవాళ చెబుదామనుకునేది, కొనేవాళ్ళు వచ్చేవారు. ఆటోలో చెబుదామనుకునేది, ఆటోలో మరో నలుగురుండేవారు. సాకులకేం, కావలసినన్ని. ఊరంతా చెప్పిన మాట కాసమ్మ చెవిన పడకుండా ఉంటుందా? పడింది. ఒక రోజు పొద్దున్న బుల్లమ్మ వెళ్ళేసరికి కాసమ్మ గోనెపట్టా బజారు ఆ చివర, కొబ్బరికాయల కొట్టు దగ్గర పరిచి ఉంది. ఏమీ అడగలేదు, ఏమీ అనలేదు, చోటు మార్చుకుంది అంతే. బుల్లమ్మ తన పట్టా పాత చోటే పరుచుకుంది.

మాధవిని చూపించడానికి వెళ్ళినప్పుడు బుల్లమ్మ డాక్టరమ్మను విడిగా అడిగింది. కాసమ్మ పేరు చెప్పకుండా సంగతంతా చెప్పి, ఆ మనిషికి పిల్లలు పుట్టకపోవడం దీనివల్లేనా అంది. పిల్లలు పుట్టకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయని, ఆ వయసులో ఆమెను ఎవరూ పరీక్ష చేయలేదు కాబట్టి ఇప్పుడు తేల్చడం కుదరదని డాక్టరమ్మ అంది. అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను అంది. బుల్లమ్మకు ఆ కాదన్న మాట ఒక్కటే వినాలని ఉండింది.

మందులు పూర్తయ్యాక మాధవికి జబ్బు తిరగబెట్టలేదు. మొదటి మూడు నెలలు ఇంట్లో అందరూ తేదీలు లెక్కపెట్టి ఆ పిల్లను కంగారు పెట్టారు. తరవాత బుల్లమ్మే అందరినీ కసిరి, లెక్కలు మానిపించింది. పదో నెలలో మాధవికి నెల తప్పింది. డాక్టరమ్మ స్కాన్ చేసి బిడ్డ గర్భసంచిలోనే సరైన చోట ఉందని చెప్పినప్పుడు బుల్లమ్మ సంతోషంతో కోడలి తల నిమిరింది. మందులు వాడినా ఇలా అందరికీ జరగదనీ, మనకు ఒక నాళం మిగిలి ఉండబట్టి అదృష్టమనీ డాక్టరమ్మ అంది. అదృష్టమన్న మాట దగ్గర బుల్లమ్మ సంతోషం కాస్త ఆగింది. ఒక నాళమైనా మిగిలిందో లేదో తెలియని కాసమ్మ ఆమెకు గుర్తొచ్చింది.

ఏడో నెలలో మాధవికి గాజులు తొడిగే ముహూర్తం పెట్టారు. ఆ పేటలో మొదటి జత తొడిగేది పిల్లలు గల తల్లి. పిల్లలు లేని ఆడది ఆ పీట దగ్గరకు రాదు. ఎవరూ రావద్దని అనరు, తనే రాదు. పదిహేడేళ్ళుగా వీధిలో ఎవరి వేడుక జరిగినా కాసమ్మ వెనక పెరట్లో ఉల్లిపాయలు తరుగుతూనో గిన్నెలు తోముతూనో గడిపేది. ఈసారి పెరట్లోకి కూడా రాలేదు.

ఆ పొద్దున్న ఇల్లంతా జనంతో ఉండగా బుల్లమ్మ చేతులు తుడుచుకుని పోతయ్య ఇంటి వెనక గదికి వెళ్ళింది. కాసమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. లోపలికి రమ్మనలేదు. బుల్లమ్మ నిలబడే చెప్పింది.

"నీకు పటిక ఇచ్చింది నానే. నీ కడుపు పండకపోడం దానివల్లో కాదో డాక్టరమ్మకే తెల్దు. అవునూ అన్లేదు, కాదూ అన్లేదు. ఈ మాట నీకే ముందు సెప్పాలి. అందరికీ సెప్పి నీకు సెప్పలేకపోయినాను. బయమేసింది కాసమ్మా."

కాసమ్మ చేతిలోని బియ్యం చాటలో పోసేసింది. "పదిహేడేళ్ళు నన్ను నానే తిట్టుకున్నాను పిన్నీ," అంది. గొంతు పెంచలేదు. "నా ఒళ్ళే మంచిది కాదనుకున్నాను. ఆడు పెళ్ళి సేసుకుంటే గూడా నాయమేలే అనుకున్నాను."

బుల్లమ్మ మాధవికి మొదటి జత గాజులు నువ్వే తొడగాలని అడగడానికి వచ్చానంది. కాసమ్మ ఆమె మొహంలోకి చూసింది.

"నీ మనసు తేలిక సేసుకోడానికి పిలుస్తన్నావా, నా మీద పేమకి పిలుస్తన్నావా?"

కాదని దబాయించవచ్చు, ఏడ్చి గట్టెక్కవచ్చు. బుల్లమ్మ రెండూ చేయలేదు.

"రెండూను," అంది.

"అమ్మలక్కలు ఊరుకోరు."

"ఊరుకోపోతే నానున్నాను."

కాసమ్మ చాట పక్కన పెట్టి లేచింది. "నా కోపం పోలేదు పిన్నీ," అంది.

"పోనక్కర్లేదు. రా," అంది బుల్లమ్మ.

కాసమ్మ లోపలికి వెళ్ళి పెట్టె తీసింది. చీరలు అటూ ఇటూ తిరగేస్తున్న చప్పుడు వినిపిస్తుంటే, ముహూర్తం దాటిపోతోందని ఇంటి నుంచి ఎవరో పిలిచారు. దాటితే దాటనీ అని బుల్లమ్మ ఆ గుమ్మం దగ్గరే నిలబడింది.